ఊరి లెక్క సరిగా ఉంటేనే ఊరికి ప్రణాళిక

గ్రామాభివృద్ధికి ప్రణాళిక కావాలని అందరూ అంటారు. ఆ ప్రణాళికకు ముందు లెక్క కావాలన్న సంగతి మాత్రం కొద్దిమందికే గుర్తుంటుంది. ఏ మండలానికి ఎన్ని టీకాలు పంపాలి, ఏ ఊళ్లో పశువులకు నీటి తొట్టి ముందు కట్టాలి, పశువైద్య శిబిరం ఎక్కడ పెట్టాలి అన్నవి అధికారులు కాగితం మీది అంకెలను బట్టే నిర్ణయిస్తారు. కాగితం మీద లేని గేదెకు టీకా రాదు. అందుచేత జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాల సంఘాల సభ్యులకు ఈ లెక్కల విషయం కొంత వివరించడం అవసరమని భావిస్తున్నాము.

సూచిక అంటే ఏమిటి?

సంఘంలో పాలు పోసినప్పుడు లీటర్లు ఒక్కటే చూసి ధర కట్టరు. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. కూడా చూస్తారు. చిన్న నమూనా తీసి పరీక్షిస్తే వచ్చే ఆ ఒక్క అంకె మొత్తం పాల గుణాన్ని చెబుతుంది. సూచిక అంటే ఇదే. ఊరి విషయంలో కూడా ఇటువంటి అంకెలున్నాయి. బడి మధ్యలో మానిన పిల్లలు నూటికి ఎందరు, నల్లా నీరు అందే ఇళ్లు ఎన్ని, టీకా పడిన పశువులు నూటికి ఎన్ని అన్నవి ఊరి స్థితిని తెలిపే సూచికలు. వీటిని ఊరివారీగా, ఏడాదివారీగా ఒకచోట చేర్చి, కావలసినప్పుడు తీసి పోల్చుకునేలా అమర్చితే అది సమాచార నిధి అవుతుంది. కంప్యూటర్లో పెట్టిన ఈ నిధినే డేటాబేస్ అంటున్నారు.

క్యానులో పాలన్నీ కలిపితే

పది మంది పాలు ఒకే క్యానులో కలిపి పరీక్షిస్తే ఎవరి పాలు చిక్కనివో, ఎవరివి పలుచనివో తెలియదు. జిల్లా సగటు కూడా అటువంటిదే. భూపాలపల్లి జిల్లాలో సింగరేణి బొగ్గు గనులున్నాయి, చెల్పూరు వద్ద విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు విలువ, కరెంటు విలువ జిల్లా ఉత్పత్తిలో చేరతాయి. దానిని జనాభాతో భాగించి తలసరి లెక్క కడితే అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. కాని అడవి పక్క ఊళ్లో రెండు గేదెలు పెట్టుకున్న కుటుంబానికి ఆ అంకెలో కనిపించే డబ్బు చేరినట్లు కాదు.

ఈ తేడాను గుర్తించినందువల్లనే లెక్క క్రమంగా కిందికి దిగుతూ వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశంలో వెనుకబడిన 112 జిల్లాలను ఆకాంక్ష జిల్లాలుగా ఎంపిక చేసినప్పుడు మన రాష్ట్రం నుంచి భూపాలపల్లి, ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం వాటిలో చేరాయి. నీతి ఆయోగ్ 49 సూచికలతో వీటి ప్రగతిని కొలిచింది. సభ్యులు గమనించవలసిన విషయమేమంటే, కృత్రిమ గర్భధారణ, పశువులకు టీకాలు కూడా ఆ సూచికలలో ఉన్నాయి. 2023లో ఇదే పద్ధతిని 500 బ్లాకులకు తీసుకువచ్చినప్పుడు మహబూబాబాద్ జిల్లాలోని గంగారం, భూపాలపల్లి జిల్లాలోని మహముత్తారం, పలిమెల ఎంపికయ్యాయి. ఆ తరువాత వంతు పంచాయతీలది. 2022-23 సంవత్సరపు సమాచారంతో కట్టిన పంచాయతీ అభివృద్ధి సూచీని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. అందులో పై నుంచి రెండవ శ్రేణిలో నిలిచిన 699 పంచాయతీలలో 270 తెలంగాణవే. అన్నిటికంటే పై శ్రేణికి దేశంలో ఒక్క పంచాయతీ కూడా చేరలేదు.

హద్దులు మారితే లెక్కలూ మారతాయి

మన మూడు జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇవి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలు. వీటిలో అధిక భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాలోనిదే. అయితే మహబూబాబాద్‌లోని గార్ల, బయ్యారం ఖమ్మం జిల్లా నుంచి వచ్చాయి. భూపాలపల్లిలోని కాటారం, మహదేవపూర్, మల్హర్, మహముత్తారం కరీంనగర్ జిల్లా నుంచి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. 2011 జనగణన ప్రకారం 7 లక్షలకు పైగా జనాభా ఉన్న భూపాలపల్లి, ములుగు విడిపోయాక 4 లక్షల చిల్లర జనాభా గల జిల్లాగా మిగిలింది. 2018లో ఉన్న పశువుల సంఖ్యను 2020 నాటి సంఖ్యతో పోల్చి, జిల్లాలో పశువులు తగ్గిపోయాయని ఎవరైనా అంటే అది పొరపాటు. పశువులు తగ్గలేదు, జిల్లా హద్దు తగ్గింది.

తండాల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. 2018లో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. 2011 జనగణన మాత్రం రెవెన్యూ గ్రామాన్ని బట్టి జరిగింది. కాబట్టి తండాల లెక్క తల్లి గ్రామం లెక్కలోనే కలిసి ఉంది. మహబూబాబాద్ వంటి జిల్లాలో తండా సర్పంచి తన ఊరి పాత అంకె ఏమిటని అడిగితే వెంటనే చూపించడం కష్టం. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. దానిని 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరపాలని కేంద్రం 2025లో నిర్ణయించింది.

పేర్ల గొడవ కూడా ఉంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది, లింగాలఘణపురం ఉంది. భూపాలపల్లి జిల్లాలో గణపురం ఉంది. పేరు చూసి లెక్క రాస్తే ఒకరిది ఒకరికి పోతుంది. అందుకే ప్రభుత్వం ప్రతి పంచాయతీకి, గ్రామానికి ఒక కోడ్ నంబరు ఇచ్చింది. పశువు చెవికి వేసే 12 అంకెల ట్యాగు కూడా ఇటువంటిదే. పశువు అమ్ముడై ఊరు మారినా ఆ నంబరు మారదు.

తప్పు లెక్క చేసే నష్టం

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక ఊళ్లో 150 పశువులున్నాయని రిజిస్టరులో ఉంది, 120 పశువులకు టీకా వేశారు. నూటికి 80 అయ్యాయని అందరూ సంతోషిస్తారు. కాని ఊళ్లో నిజంగా ఉన్నవి 240 అనుకుందాము. అప్పుడు టీకా పడినవి నూటికి 50 మాత్రమే. మిగిలిన 120 పశువులకు రక్షణ లేదు. గాలికుంటు వ్యాధి రిజిస్టరు చూసి రాదు. టీకా లేని పాకలో మొదలై పక్క పాకకు పాకుతుంది. సంఘానికి వచ్చే పాలు తగ్గేది అప్పుడే.

కొందరు సభ్యులు పశువుల సంఖ్య చెబితే రేషను కార్డో, పింఛనో పోతుందని తక్కువ చెబుతుంటారు. ఇది మంచిది కాదు. పశుగణన చేసేది పశువుల సంఖ్య తెలుసుకోవడానికి. ఇటీవలి 21వ పశుగణన 2024 అక్టోబరులో మొదలైంది. అయిదేళ్లకొకసారి జరిగే ఈ లెక్కలో ఒక గేదెను దాస్తే అయిదేళ్లపాటు దాని వంతు మందు, టీకా కాగితం మీద ఉండవు.

సంఘం పుస్తకం విలువ

సర్వే అయిదేళ్లకొకసారి వస్తుంది. పాల పుస్తకం రోజుకు రెండుసార్లు రాస్తారు. ఎండాకాలంలో ఒక వీధి పాలు ఏకంగా సగానికి పడిపోతే అక్కడ మేతకో, నీటికో ఇబ్బంది వచ్చిందని ఏ సర్వే కంటే ముందుగా ఆ పుస్తకమే చెబుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. సంఘం పాలు ఊరి పాలన్నీ కావు. ఇంటి వాడకం, హోటళ్లకు పోసేవి, ఇతర డెయిరీలకు పోయేవి అందులో లేవు. కాబట్టి సంఘం లెక్కను సంఘం లెక్కగానే చెప్పాలి.

ఈ క్రింది పనులు ప్రతి సంఘం చేయగలదు:

1. ఏడాదికి రెండుసార్లు సభ్యుల పశువుల పట్టిక రాయాలి. పాలిచ్చేవి, చూడివి, వట్టిపోయినవి, పెయ్యలు వేరువేరుగా చూపాలి.

2. ఆ పట్టికలో ట్యాగు నంబరు, టీకా వేసిన తేదీ, కృత్రిమ గర్భధారణ తేదీ ఉండాలి.

3. పట్టిక మీద పంచాయతీ కోడ్ రాయాలి. తండా సభ్యులను తండా పేరు మీదనే చూపాలి.

4. నెలవారీ పాల మొత్తాన్ని మూడేళ్లకు పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

5. సభ్యుని సొంత ఆదాయం, అప్పు బయటపెట్టవద్దు. ఊరికి ఇచ్చేది మొత్తాల లెక్క మాత్రమే.

ఈ పట్టికతో గ్రామసభకు వెళ్లాలి. రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. పశుపోషణ, పాడి వాటిలో ఒకటి. ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే సభలో “మా ఊరికి నీటి తొట్టి కావాలి” అని నోటితో అడిగితే పది కోరికలలో అది పదకొండవది అవుతుంది. ఇన్ని పశువులు, ఇన్ని నెలలు నీటి ఎద్దడి, అందువల్ల ఇన్ని లీటర్ల నష్టం అని అంకెతో అడిగితే కార్యదర్శి దానిని రాసుకోవలసి వస్తుంది. తీర్మానం పుస్తకంలోకి ఎక్కిన అంకె మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు పోతుంది.

కనుక పాలక వర్గాలు రాబోయే సమావేశంలో ఈ విషయం చర్చించి, పట్టిక రాసే బాధ్యత ఒకరికి అప్పగించవలసిందిగా కోరుతున్నాము. లెక్క రాయడానికి కావలసినది ఒక నోటుపుస్తకం, నిజం చెప్పే సభ్యులు.