పొదుపు ఏ నల్లా దగ్గర మొదలవ్వాలి?

హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌కు వడ్డెర బస్తీ అని కూడా పేరు. ఇలాంటి బస్తీల్లో నల్లా వచ్చే వేళకు డ్రమ్ములు, బిందెలు, బకెట్లు ఇంటి ముందు సిద్ధంగా ఉంటాయి. బియ్యం కడిగిన నీళ్లు కూడా వృథాగా పోనివ్వని ఇళ్లవి. అలాంటి ఇంటికి వెళ్లి ‘నీళ్లు పొదుపు చేయండమ్మా’ అని చెప్పడం అన్యాయం. నగరంలో నీటి వాడకం తగ్గించాలంటే తగ్గించదగ్గ నీళ్లు ఎక్కడున్నాయో ముందు వెతకాలి. పొదుపు ప్రణాళికకు పునాది అదే.

అసలు తగ్గించడం దేనికి? 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్ నుంచి, 1927 నాటి హిమాయత్ సాగర్ నుంచి నీళ్లు నగరంలోకి పల్లానికి పారి వచ్చేవి. తరువాత మంజీరా, సింగూరు దాకా వెళ్లాం. 2004లో కృష్ణా నీళ్లు, 2015లో గోదావరి నీళ్లు వచ్చాయి. కృష్ణా నీళ్లు తోడుకునే నాగార్జునసాగర్ నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు ఎక్కించడానికి లెక్క ప్రకారమే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. వంద కిలోమీటర్లకు పైబడిన పైపుల్లో రాపిడి, మోటార్లలో నష్టం కలుపుకుంటే ఇంకా ఎక్కువే. కాబట్టి మిగిలిన ప్రతి లీటరూ కొత్త నదిని వెతకకుండా దొరికిన లీటరు.

ఇంజినీర్లు మొదట వేసేది జమాఖర్చు. రిజర్వాయర్ నుంచి ఎన్ని నీళ్లు బయలుదేరాయి, బిల్లులోకి ఎన్ని వచ్చాయి? ఈ రెంటి మధ్య తేడాలో పగిలిన పైపులున్నాయి, దొంగ కనెక్షన్లున్నాయి, తిరగని మీటర్లున్నాయి. ఈ తేడా 20 శాతం దాటకూడదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రమాణం పెట్టింది. లీకేజీని పట్టుకోవడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. ఒక కాలనీకి వెళ్లే పైపులన్నింటినీ ఒకే మీటరు గుండా పంపి, తెల్లవారుజామున రెండు నుంచి నాలుగింటి మధ్య దాన్ని చూస్తారు. ఊరంతా నిద్రపోయే ఆ వేళలో మీటరు గట్టిగా తిరుగుతుంటే, ఆ నీళ్లలో ఎక్కువ భాగం నేలలోకి పోతున్నట్టే. అయితే ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే ఊళ్లోనే ఈ ఉపాయం సరిగ్గా పనిచేస్తుంది. రోజు విడిచి రోజు కొన్ని గంటలు వాల్వు తిప్పే చోట, వచ్చిన నీళ్లన్నీ ఖాళీ సంపుల్లోకి దూకుతాయి. ఏది వాడకమో ఏది లీకేజీయో విడదీయడం కష్టం.

తరువాత చూడాల్సింది పెద్ద వాడకందార్లను. ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్లు, పక్కనే ఉన్న తార్నాక అపార్ట్‌మెంట్లు, పరిశోధన సంస్థల క్వార్టర్లు ఈ లెక్కలోకి వస్తాయి. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్లు పోతాయి. రెండు మీటల కొత్త ట్యాంకు మూడు లేదా ఆరు లీటర్లతో సరిపెడుతుంది. మనిషి రోజుకు ఐదుసార్లు వాడితే, ఒక్కరి దగ్గరే పాతిక లీటర్లకు పైగా మిగులుతాయి. వందలమంది ఉండే హాస్టల్లో అది ఎంతవుతుందో పాఠకులే లెక్కగట్టవచ్చు. న్యూయార్క్ 1994–97 మధ్య డబ్బు ఎదురిచ్చి మరీ 13 లక్షలకు పైగా పాత టాయిలెట్లు మార్పించింది. బోస్టన్ 1980లలో కొత్త నది నుంచి నీళ్లు మళ్లించాలనుకుని ఆగింది. లీకేజీలు సరిచేసి, ఇళ్లలో నల్లాలు, షవర్లు మార్చి, ఉన్న నీళ్లతోనే నెట్టుకొచ్చింది.

నగరానికి నీళ్లిచ్చే జలమండలి చేతిలో ఉన్న మరో పనిముట్టు ధర. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఐదుగురున్న ఇంట్లో అది మనిషికి రోజుకు 133 లీటర్లు. కేంద్ర ప్రమాణమైన 135కు దాదాపు సమానం. ఆ హద్దు దాటితే బిల్లు. హద్దు మంచిదే. కానీ అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే మీటరు ఉంటే, దాటింది ఏ ఫ్లాటో ఎవరికి తెలుస్తుంది? కొత్త భవనాల్లోనైనా ప్రతి ఫ్లాటుకూ మీటరు తప్పనిసరి కావాలన్నది నా గట్టి అభిప్రాయం.

బస్తీకి కావాల్సిన ప్రణాళిక వేరు. రేపు వస్తాయో రావో తెలియనప్పుడు జనం పట్టగలిగినన్ని పట్టుకుంటారు, తాజా నీళ్లు రాగానే నిన్నటివి పారబోస్తారు. నల్లాకు మోటారు బిగిస్తే పొరుగింటికి ధార సన్నబడుతుంది. పైపు పగుళ్లలోంచి మురుగు లోపలికి లాగబడుతుంది. చెప్పిన వేళకు, చాలినంత ఒత్తిడితో, రోజూ నీళ్లిస్తే ఈ వృథా దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ పొదుపు చేయాల్సింది బిందె పట్టుకున్న ఆడవాళ్లు కాదు, వాల్వు తిప్పే వ్యవస్థ.

మీ ఇంటికి మీటరు ఉంటే, నీళ్లు వచ్చే వేళ నల్లాలన్నీ కట్టేసి, సంపు నిండాక ఒకసారి ఆ మీటరును చూడండి. అప్పటికీ ముల్లు కదులుతుంటే లీకేజీ మీ ఆవరణలోనే ఉంది, ప్లంబర్‌ను పిలవండి. రోడ్డు మీద పైపు పగిలి కనిపిస్తే జలమండలి 155313కు ఫోన్ చేయండి.