సైకిలు ఇచ్చే ముందు దారి చూద్దాం



ఏటా జూన్‌లో బడులు తెరిచే సమయానికి మన దాతలు పేద పిల్లలకు నోటుపుస్తకాలు, బ్యాగులు, యూనిఫాంలు ఇప్పిస్తుంటారు. కొందరు సైకిళ్లు కూడా ఇప్పిస్తారు. సైకిలు మంచి దానం. అది పెట్రోలు అడగదు, పొగ వదలదు, తల్లిదండ్రుల మీద నెలనెలా భారం వేయదు. అయితే సైకిలు ఇచ్చేటప్పుడు మనం సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతాం. పిల్ల ఎవరు? ఇంటి పరిస్థితి ఏమిటి? అడగవలసిన మూడో ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ పిల్ల ఏ దారిన బడికి పోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. దాని పేరు స్పేషియల్ నెట్‌వర్క్ మోడలింగ్. తెలుగులో దారుల వల లెక్క అనుకోవచ్చు. పేరు పెద్దదే గానీ, అందులోని లెక్క హైస్కూలు పిల్లలు చేయగలిగినదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మన దానం సరైన చోట పడడానికి ఇది ఎలా పనికొస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎనిమిదో తరగతి దగ్గర తెగే దారి

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వాలంటుంది. దాని కింద కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. హైస్కూలు విషయంలో అదే ఏడాది మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఐదు కిలోమీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. అంటే తరగతి పెరిగే కొద్దీ బడి దూరమవుతుంది. చట్టం రక్షణ పద్నాలుగేళ్లకు ముగుస్తుంది. ఆడపిల్లను ఒంటరిగా దూరం పంపాలంటే తల్లిదండ్రులు వెనకాడేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. ఈ మూడూ ఒకేచోట కలవడం వల్ల చాలా ఇళ్లలో ఆడపిల్ల చదువు ఎనిమిదితో ఆగిపోతుంది.

సైకిలు దీన్ని మార్చగలదా? బీహార్ అనుభవం మార్చగలదనే చెబుతోంది. అక్కడి ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి అధ్యయనం చేశారు. హైస్కూలులో ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందని, ఆడ మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని వారు తేల్చారు. దాతలు గమనించవలసిన విషయం ఇంకొకటి అందులో ఉంది. ఆ ఫలితం ఎక్కువగా కనిపించింది హైస్కూలు మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరం ఉన్న ఊళ్లలో. సైకిలు అన్నిచోట్లా ఒకటే, దాని ఫలితం మాత్రం దూరాన్ని బట్టి ఉంది.

ఆడపిల్ల సైకిలు ఎక్కడం ఏమిటని అడిగేవారు ఇంకా ఉన్నారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె మహిళలు సైకిలు నేర్చుకున్నారు. వారిలో ముస్లిం యువతులు కూడా ఉన్నారు.

చుక్కలు, గీతలు, బరువులు

దారుల వల లెక్క 1736లో మొదలైంది. అప్పటి కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో నది మీద ఏడు వంతెనలు ఉండేవి. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ పట్టణమంతా తిరిగి రావచ్చా అని జనం అడిగేవారు. ఆయిలర్ అనే గణిత పండితుడు భూభాగాలను చుక్కలుగా, వంతెనలను గీతలుగా మార్చి, అది కుదరదని రుజువు చేశాడు. ఊరు, చౌరస్తా, బడి చుక్కలు. వాటిని కలిపే దారులు గీతలు. వల అంటే ఇంతే.

రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారిని కనిపెట్టే పద్ధతిని డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1956లో ఆలోచించి 1959లో ప్రచురించాడు. ఇలాంటి వరుస పద్ధతిని అల్గారిథం అంటారు. ఆ మాట తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. భూమి మీద రెండు వేలకు పైగా స్థలాల అక్షాంశ రేఖాంశాలను పట్టికగా రాసినవాడు కూడా ఆయనే. స్థలాలను అంకెలుగా మార్చే పని మన వారసత్వంలోనే ఉందన్నమాట.

ఇక మూడోది, గీతకు బరువు కట్టడం. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో దారుల వలను లెక్కించే ఎస్‌డీఎన్‌ఏ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేశారు. అక్కడి పరిశోధకుడు క్రిస్పిన్ కూపర్ 2017లో సైకిళ్ల రాకపోకల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. సైకిలు తొక్కేవాళ్లు దూరం ఒక్కటే చూడరని, ఎత్తుపల్లాలు, మోటారు వాహనాల రద్దీ, మలుపులు కూడా చూసి దారి ఎంచుకుంటారని ఆ లెక్కలో ఉంది. కాబట్టి సైకిలుకు ఒక కిలోమీటరు అన్నిచోట్లా ఒక కిలోమీటరు కాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఊహకు ఒక పిల్లను తీసుకుందాం. ఆమె బడికి రెండు దారులున్నాయి. మొదటిది నాలుగు కిలోమీటర్లు, అందులో ఒక కిలోమీటరు లారీలు తిరిగే హైవే. రెండోది ఐదు కిలోమీటర్లు, అందులో రెండు కిలోమీటర్లు కాలువ కట్ట. మామూలు తారు రోడ్డుకు కిలోమీటరుకు 1 బరువు, హైవేకు 3 బరువు అనుకుందాం. మొదటి దారి 3 ప్లస్ 3, మొత్తం 6. కాలువ కట్టకు ఎండాకాలంలో 1 బరువే వేస్తే రెండో దారి 5. దూరం ఎక్కువైనా కాలువ కట్టే మేలు.

వానాకాలం వస్తే కట్ట మీది రేగడి మన్ను టైర్లకు అంటుకుంటుంది. బరువు 2.5 వేయాలి. అప్పుడు రెండో దారి 3 ప్లస్ 5, మొత్తం 8. పిల్ల హైవే ఎక్కుతుంది, లేదా బడి మానేస్తుంది. ఇచ్చిన సైకిలు గోడకు ఆనుకొని ఉంటుంది. అదే రెండు కిలోమీటర్ల కట్ట మీద మొరం పోయిస్తే బరువు 1.2కు దిగుతుంది, దారి మొత్తం 5.4 అవుతుంది. వానలోనూ అదే దారి మేలు. ఇక్కడ పిల్ల చదువును నిలబెట్టింది సైకిలు, మొరం రెండూ కలిసి.

మన మూడు జిల్లాల వల

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో దారులను నిర్ణయించేవి ముఖ్యంగా మూడు. నది, హైవే, గుట్ట.

గద్వాల అంటే నడిగడ్డ, కృష్ణా తుంగభద్రల నడుమ నేల. గద్వాల దగ్గర కృష్ణలో గుర్రంగడ్డ అనే దీవి గ్రామం ఉంది. మ్యాపులో అవతలి ఒడ్డు ఎంతో దగ్గర. కానీ వంతెన లేని చోట, వలలో ఆ దగ్గరితనానికి విలువ లేదు, పడవే గీత. అలాంటి ఊరికి సైకిలు ఇచ్చి ప్రయోజనం తక్కువ. కొల్లాపూర్ వైపు సోమశిల వద్ద కూడా ఇదే సంగతి. ఆవలి గట్టున ఆంధ్రప్రదేశ్ కళ్లెదుటే ఉంటుంది, రోడ్డు మీద పోవాలంటే చాలా చుట్టు తిరగాలి. అక్కడ వంతెనకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. ఒక్క గీత చేరితే హైదరాబాద్ నుంచి తిరుపతికి దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతుందని అప్పుడు ప్రకటించారు. పెద్ద వంతెన ప్రభుత్వం పని. చిన్న వాగు మీద కూడా లెక్క ఇలాగే పనిచేస్తుంది.

పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి రెండో అడ్డు. లారీకి అది దారి, సైకిలు మీది పిల్లకు గోడ. అండర్‌పాస్ ఉన్నచోటే ఆ గోడకు తలుపు ఉన్నట్టు. పిల్ల ఇల్లు హైవేకు ఏ పక్కన, బడి ఏ పక్కన అనేది తెలియకుండా సైకిలు ఇవ్వకూడదు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల వైపు ఎత్తు మూడో అడ్డు. అచ్చంపేట మైదానం నుంచి మన్ననూరు వైపు ఘాట్ ఎక్కాలి. పోయేటప్పుడు ఉన్న బరువు వచ్చేటప్పుడు ఉండదు. అలాంటిచోట బస్సో, హాస్టలో మేలు. 2016 నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాలు ఇలాంటి పిల్లలకు ఉపయోగపడతాయి.

మన పిల్లల విషయంలో ఇంకొక లెక్క ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లకు మ్యాపులో దగ్గరగా కనిపించే హైస్కూలు అసలు బడే కాకపోవచ్చు. ఉర్దూ మీడియం హైస్కూలు ఊరూరా ఉండదు. కాబట్టి ఆమె వలలో బడి చుక్కను పట్టణంలో పెట్టాలి.

సైకిలు బడి దాకా పోవాలన్న నియమం కూడా లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఊళ్లోకి బస్సు రాకపోతే మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న చౌరస్తా వరకు సైకిలు, అక్కడి నుంచి బస్సు. అప్పుడు చౌరస్తాలో సైకిలు పెట్టి తాళం వేసుకోవడానికి నీడ కావాలి. నాలుగు స్తంభాల రేకుల షెడ్డు చాలు.

ఒక్క కల్వర్టు

వల లెక్కలో మరో కొలత ఉంది. ఒక్కో గీత మీదుగా ఎన్ని దగ్గరి దారులు పోతున్నాయో లెక్కించడం. ఊహకు ఒక హైస్కూలుకు ఐదు ఊళ్ల నుంచి 40 మంది పిల్లలు వస్తున్నారనుకుందాం. మూడు ఊళ్ల నుంచి వచ్చే 12, 9, 7 మంది ఒకే వాగు దాటాలి. మొత్తం 28 మంది. ఆ వాగు మీది కల్వర్టు కూలితే 28 సైకిళ్లు ఒకేసారి ఆగిపోతాయి. ఆ కల్వర్టును బాగు చేయిస్తే ఒక్క సైకిలూ కొనకుండానే 28 మందికి దారి దొరుకుతుంది. రాబోయే ఏళ్లలో చదివే పిల్లలకూ అది మిగులుతుంది.

దారిలోని అడ్డును తొలగించడం కూడా సదఖాయే అని మనందరం చిన్నప్పుడే విన్నాం. కల్వర్టు, మొరం, సైకిలు షెడ్డు ఆ కోవలోవే. ఇవి సదఖా జారియాగా ఉండే పనులు. జకాత్ అర్హులైన వారికే చేరాలి గనుక సైకిలు పేద పిల్ల చేతికి జకాత్‌లోంచి, దారి పని సాధారణ విరాళాల్లోంచి చేసే విషయాన్ని మన ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు. రోడ్డు, కాలువ కట్ట ప్రభుత్వానివి కాబట్టి పంచాయతీ, నీటిపారుదల శాఖల అనుమతి తప్పనిసరి. లెక్క కాగితం చేతిలో ఉంటే ఆ పనిని ప్రభుత్వం చేతే చేయించమని అడగడమూ తేలిక.

ఏం చేయాలి

మొదట, సాయం అడిగే ప్రతి దరఖాస్తులో ఇల్లు, బడి, వెళ్లే దారి అనే మూడు గడులు చేర్చాలి. తర్వాత, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఆ మండలం దారులు తీసుకోవాలి. అది 2004లో మొదలైన ఉచిత మ్యాపు. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దూరాలు లెక్కించవచ్చు. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు. మూడోది, ఆ మ్యాపును బడికి తీసుకుపోయి పిల్లల ముందు పరచాలి. ఏ కట్ట మీద బురద, ఏ మూలమలుపు దగ్గర కుక్కలు, ఏ బాటలో సాయంత్రం భయం అనేవి వాళ్లకే తెలుసు. బరువులు వాళ్లు చెప్పాలి, మనం రాసుకోవాలి.

అప్పుడు జాబితా దానంతటదే విడిపోతుంది. బరువు లెక్క 2 లోపు ఉంటే పిల్ల నడవగలదు, ఆమెకు పుస్తకాలో ఫీజో ఇవ్వండి. 2 నుంచి 6 మధ్య ఉంటే సైకిలు ఇవ్వండి. గంటకు 12 కిలోమీటర్ల మామూలు వేగంతో నాలుగు కిలోమీటర్లకు 20 నిమిషాలు పడుతుంది, నడిస్తే ముప్పావుగంట పైనే. 6 దాటితే బస్సు, హాస్టలు, లేదా బరువు దించే దారి పని చూడండి. ఈ అంకెలు నా సూచన మాత్రమే, ప్రాంతాన్ని బట్టి మార్చుకోవచ్చు. సైకిలుతో పాటు తాళం, గాలి పంపు, పంక్చర్ సామాను ఇవ్వాలి. ఆరు నెలల తర్వాత హాజరు పట్టీ చూడాలి.

దాతల సొమ్ము సొసైటీ దగ్గర అమానత్. ఎన్ని సైకిళ్లు పంచామన్నది నివేదికలో వేస్తూనే ఉన్నాం. వచ్చే ఏటి నివేదికలో దాని పక్కనే ఇంకొక అంకె ఉండాలని నా కోరిక. సైకిలు తీసుకున్న ఆడపిల్లల్లో ఎందరు పదో తరగతి పరీక్ష రాశారన్నదే ఆ అంకె. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించు గాక. ఆమీన్.