మొక్కల రంగులు - రక్తపుపోటు

“ప్రతిదినము బీట్‌రూట్ రసము త్రాగుచున్నాను; ఇక మాత్రలు మానవచ్చునా?” రక్తపుపోటు గల పెద్దలున్న ఇండ్లలో ఈ ప్రశ్న తరచుగా వినబడుచుండును. కూరలలోని ఎరుపు రక్తమునకు మేలు చేయునను నమ్మకమే దీనికి మూలము. అందులో నిజమెంతయో విచారింతము.

నేరేడుపండునకు, వంకాయ తొక్కకు ఊదావన్నె నిచ్చునవి ఆంథోసయనిన్లు. ఉల్లిపొరలోని పసుపువన్నెకు కారణము క్వెర్సిటిన్. ఈ రెండును ఫ్లేవనాయిడ్లను కుటుంబమునకు చెందినవి. మన రక్తనాళముల లోపలిపొర నైట్రిక్ ఆక్సైడు అను వాయువును పుట్టించుచుండును. అది నాళపు కండరమును సడలింపగా, దారి వెడల్పై పోటు తగ్గును. ఈ వాయువు చేయు పనిని కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానము లభించెను. ఫ్లేవనాయిడ్లు దీనికి తోడ్పడునని ప్రయోగశాలలలో కనబడినది.

మరి మనుష్యులలోనో? 2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, స్వల్పముగా రక్తపుపోటు గలవారికి దినమునకు 730 మిల్లీగ్రాముల క్వెర్సిటిన్ నాలుగు వారములిచ్చిరి. పై అంకె సుమారు 7 మిల్లీమీటర్లు తగ్గెను. అయితే అంత క్వెర్సిటిన్‌ను ఉల్లిపాయల నుండియే పొందవలెనన్న, దినమునకు కిలోకు మించి తినవలసియుండును!

మన ఎర్ర గోంగూర సంగతి కూడ చెప్పుకొనవలెను. పువ్వు వాడిన పిమ్మట దాని కాయను చుట్టియుండు ఎర్రని రేకులలో ఆంథోసయనిన్లు మెండు. 2010లో ప్రకటితమైన మరియొక అమెరికా పరిశోధనలో, 65 మందిలో కొందరు ఆ రేకుల కషాయమును దినమునకు మూడు కప్పుల వంతున ఆరు వారములు త్రాగిరి. వారి పై అంకె సగటున 7.2 మిల్లీమీటర్లు తగ్గగా, కషాయము త్రాగనివారిలో 1.3 మాత్రమే తగ్గెను. పరీక్షింపబడినది కషాయము, ఉప్పు దట్టించిన గోంగూర పచ్చడి కాదు. ఉప్పు పోటును పెంచును.

ఇక బీట్‌రూట్. దాని ఎరుపు వేరొక జాతి రంగు. 2008లో లండనులో ఆరోగ్యవంతులు కొందరు అరలీటరు రసము త్రాగగా, కొన్ని గంటలలో పోటు సుమారు 10 మిల్లీమీటర్లు తగ్గెను. కాని రసము త్రాగి, ఉమ్మిని మ్రింగక ఉమ్మివేసినపుడు పోటు తగ్గలేదు! ఏలయన, పని చేసినది రంగు కాదు, దుంపలోని నైట్రేటు. అది ఉమ్మిలో చేరి, నాలుకపైనున్న సూక్ష్మజీవులచే నైట్రైటుగా మారి, కడుపులో దిగిన తరువాతనే ఫలించును.

కావున రంగును చూచి మందని నిర్ణయింపరాదు. పండ్లు, కూరలు మేలు చేయును, వానిని తినుడు. ఉప్పును దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉంచుడు. కాని ఇవన్నియు చికిత్సకు తోడేగాని బదులు కావు. రక్తపుపోటు సాధారణముగా ఏ బాధయు కలిగింపదు. మాత్ర మానిన మరునాడు ఏమియు తెలియదు. పక్షవాతము వచ్చిననాడు తెలియును. రసములు, కషాయములు సేవించుచున్నవారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. ఆయన చెప్పక మాత్రలు మానరాదు.