ఆప్టినా అడవిలోని ఆశ్రమము

సన్న్యాసి అడవికి పోయినచో లోకమునకు తలుపు మూసినట్లే యని మనము తలంతుము. నేనును చాలకాలము అట్లే తలచితిని. రష్యాదేశమందలి ఆప్టినా మఠచరిత్రము చదివిన పిమ్మట నా యభిప్రాయము మారినది. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయుదును.

మాస్కోకు నైరుతిదిక్కున, కలూగా మండలములో, కొజెల్స్కు అను చిన్నపట్టణము కలదు. దానికి చేరువగా, జీజ్ద్రా నదీతీరమున, పైనుచెట్ల యడవి యంచున ఆర్థొడాక్సు క్రైస్తవుల ఆప్టినా మఠము వెలసినది. ఇట్టి ఏకాంతమఠమును రష్యనులు 'పూస్తిను' అందురు. నిర్జనప్రదేశము, ఎడారి యని ఆ మాటకు అర్థము. తొలినాటి క్రైస్తవమునులు ఈజిప్టు ఎడారులలో తపస్సు చేసిరి. ఉత్తరదేశపు మునులకు అడవియే ఎడారి యైనది.

1821లో మఠమునకు కొంచెము దూరమున, చెట్లనడుమ, ఏకాంతవాసుల కొఱకు వేఱొక చిన్న యాశ్రమమును నిర్మించిరి. కొన్ని కుటీరములు, ఒక కొయ్యదేవాలయము, చుట్టును ప్రాకారము. స్త్రీలకు లోన ప్రవేశము లేదు. 'స్టారెట్సు' అనబడు వృద్ధగురువుల సంప్రదాయము ఇచ్చట వర్ధిల్లినది. శిష్యుడు తన మనస్సులోని తలపులను దాచక గురువునకు నివేదించి, ఆయన చెప్పినట్లు నడుచుకొనును.

గురువుల కీర్తి వ్యాపించుటతో రైతులును పండితులును అడవిదారి పట్టిరి. ఆంబ్రోసు గురువు (1812–1891) చిరరోగి. ఆయన కుటీరము ప్రాకారమునకే ఆనుకొనియుండెను. దానికి రెండు వాకిళ్లు: ఒకటి ఆశ్రమములోనికి, మఱియొకటి వెలుపలికి. స్త్రీలు వెలుపలి వాకిట వచ్చెడివారు. నియమము చెడలేదు, దుఃఖితులు వెనుదిరుగలేదు.

1878లో మూడేండ్లు నిండని కుమారుని పోగొట్టుకొని, నవలాకారుడు దోస్తొయెవ్‌స్కీ ఇచ్చటికి వచ్చెను. ఆంబ్రోసు గురువు చెప్పిన యూరడింపుమాటలనే ఆయన 'కరమాజొవ్ సోదరులు' నవలలో బిడ్డ పోయిన తల్లికి చెప్పించెనని ఆయన భార్య వ్రాసినది. 1901లో ధర్మసభచే వెలివేయబడిన టాల్‌స్టాయి, 1910లో ఎనుబదిరెండేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి ఇచ్చటికే వచ్చెను. ఒక రాత్రి మఠసత్రమున నిలిచి, మఱునాడు ఆశ్రమప్రాకారము వెలుపల తిరుగాడి, గురువులను చూడకయే వెడలిపోయెను. కొలదిదినములకే అస్తాపొవో రైలుస్టేషనువద్ద కన్నుమూసెను.

విప్లవానంతరము మఠము మూతపడినది. 1987లో మరల ధర్మసభకు దక్కినది. ఏకాంతమనగా తలుపు లేని గోడ కాదు. లోనికొకటి, లోకమునకొకటి, రెండు వాకిళ్లు గల కుటీరమే నిజమైన ఏకాంతమని నాకు తోచుచున్నది. ఆ వాకిలి దాటుటయో, మరలిపోవుటయో వచ్చినవారి వంతు.