టీవీలో కనిపించాలంటే.. ముందు చిన్న ఊరికి వెళ్లాలి

‘నాన్నా, నేను కంప్యూటర్ సైన్స్ తీసుకోను. జర్నలిజం చదువుతా.’ పన్నెండో తరగతి చదివే కూతురు భోజనాల దగ్గర ఈ మాట అంటే మన ఇళ్లలో చాలాచోట్ల ముద్ద నోట్లోనే ఆగిపోతుంది. ఉద్యోగం దొరుకుతుందా? జీతం ఎంత? నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? ఇంకో ఇంట్లో కథ వేరు. ఎంఎస్ చేయడానికి వచ్చిన అబ్బాయి తన గదిలోనే యూట్యూబ్ చానల్ పెట్టాడు. నెలనెలా డబ్బులు కూడా వస్తున్నాయని ఊళ్లో అమ్మానాన్నలు సంబరపడుతున్నారు. మొదటి ఇంట్లో భయం అవసరమైనదానికన్నా ఎక్కువ. రెండో ఇంట్లో ఉండాల్సిన జాగ్రత్త కూడా లేదు.

ప్రసార, డిజిటల్ మీడియా రంగంలోకి వెళ్లాలనుకునేవారు ముందుగా రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటి మెట్టు ఎక్కడుంది? వీసా దేనికి ఒప్పుకొంటుంది? మనవాళ్లు ఎక్కువగా ఉన్న అమెరికా సంగతే చూద్దాం.

రాజమహేంద్రవరం నుంచి జాతీయ చానల్‌కు

ఈ దారిలో మనకన్నా ముందే నడిచిన తెలుగు బిడ్డ ఉమా పెమ్మరాజు. రాజమహేంద్రవరంలో పుట్టి, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పెరిగారు. అక్కడి ట్రినిటీ యూనివర్సిటీలో చదివారు. కెరీర్ మొదలైంది కూడా ఆ ఊరి స్థానిక టీవీ స్టేషన్‌లో, స్థానిక పత్రికలోనే. ఆ తర్వాత డాలస్, బాల్టిమోర్, బోస్టన్ స్టేషన్లలో పనిచేశారు. 1996లో ఫాక్స్ న్యూస్ ప్రారంభమైనప్పుడు తొలి యాంకర్లలో ఒకరుగా తెరపైకి వచ్చారు. 2022లో కన్నుమూశారు. దేశమంతా ఆమెను చూసింది జాతీయ చానల్‌లో. పని నేర్చుకున్నది మాత్రం ఊరూరా తిరిగిన ఆ ఏళ్లలో.

210 మెట్ల నిచ్చెన

అమెరికాలో టీవీ ప్రాంతాలను నీల్సన్ సంస్థ 210 మార్కెట్లుగా విభజించింది. న్యూయార్క్‌ది ఒకటో నంబరు, లాస్ ఏంజెలెస్‌ది రెండు. అడుగున మోంటానాలోని గ్లెన్‌డైవ్ లాంటి చిన్న ఊళ్లుంటాయి. కొత్తగా చదువు ముగించినవారికి ఎక్కువగా పిలుపు వచ్చేది ఈ కింది మెట్ల నుంచే. అక్కడ ఎంఎంజే, అంటే మల్టీమీడియా జర్నలిస్టుగా చేరతారు. కెమెరా మోసేది తామే, బైట్ తీసుకునేది తామే, పీటీసీ చెప్పి, ఎడిట్ చేసి, వెబ్‌సైట్‌కు వార్త రాసేదీ తామే. కష్టమైన కొలువే కానీ, రెండేళ్లలో నేర్పే పని చాలా ఉంటుంది.

జీతం సంగతి దాచిపెట్టి లాభం లేదు. అమెరికా కార్మిక శాఖ 2024 లెక్కల్లో జర్నలిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం దాదాపు 60 వేల డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు అది 1.30 లక్షల డాలర్లు దాటింది. చిన్న మార్కెట్లో కొత్తగా చేరినవారికి ఇంకా తక్కువ. పైగా స్టేషన్లు సాధారణంగా రెండు, మూడేళ్ల ఒప్పందం రాయించుకుంటాయి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే షరతు కొన్నింటిలో ఉంటుంది. సంతకానికి ముందు ఆ కాగితాన్ని లాయర్‌కు చూపించడం మంచిది.

కెమెరా వెనుక కూడా చాలా పని ఉంటుంది. బులెటిన్ రన్‌డౌన్ వేసే ప్రొడ్యూసర్, వీడియో ఎడిటర్, ప్రసార ఇంజనీరు, స్ట్రీమింగ్ సాంకేతిక నిపుణుడు, గణాంకాలతో వార్తలు అల్లే డేటా జర్నలిస్టు.. ఇవన్నీ మీడియా ఉద్యోగాలే. కోడింగ్ వచ్చిన మన పిల్లలకు చివరి రెండూ దగ్గరి దారులు.

కోర్సు పేరు కాదు, కోడ్ చూడండి

కాలేజీని ఎంచుకునేటప్పుడు ర్యాంకు ఒక్కటే చూస్తే చాలదు. నిజమైన న్యూస్‌రూమ్‌లో పనిచేయిస్తారా అని అడగండి. 1908లో మొదలైన మిస్సోరీ జర్నలిజం స్కూల్ విద్యార్థులు ఆ యూనివర్సిటీకే చెందిన కేఓఎంయూ స్టేషన్‌లో పనిచేస్తారు. అది ఎన్‌బీసీ అనుబంధ స్టేషన్. చాలా కాలేజీల్లో క్యాంపస్ రేడియో కూడా ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మార్కుల జాబితా కన్నా ముందు అడిగేది రీల్‌నే. ఒకటి, రెండు నిమిషాల్లో మీ పని చూపించే వీడియో అది.

ఇండియా నుంచి ఎఫ్-1పై వచ్చే విద్యార్థులకు ఇంకో లెక్క ఉంది. చదువయ్యాక 12 నెలల ఓపీటీ వస్తుంది. స్టెమ్ కోర్సులకు ఇంకో 24 నెలలు దొరుకుతుంది. మామూలు జర్నలిజం కోర్సు స్టెమ్ జాబితాలో లేదు. ‘డిజిటల్ కమ్యూనికేషన్ అండ్ మీడియా’ కోడ్ 09.0702 మాత్రం ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నా కోడ్ మారితే రెండేళ్లు పోతాయి. ఆ కోడ్ ఐ-20 మీద ఉంటుంది. ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్తవారిని తీసుకునే చిన్న స్టేషన్లు హెచ్-1బీ స్పాన్సర్ చేయడం అరుదు. కాబట్టి చిన్న ఊరి నిచ్చెన ప్రధానంగా ఇక్కడ పుట్టినవారికి, గ్రీన్‌కార్డు ఉన్నవారికి పనికొస్తుంది. వీసా మీద ఉన్నవారు స్పాన్సర్ చేసే స్తోమత ఉన్న సంస్థల్లో స్ట్రీమింగ్, డేటా, ప్రొడక్ట్ విభాగాల వైపు చూడటం నయం.

యూట్యూబ్ డబ్బులతో జాగ్రత్త

వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ ఉంటే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇస్తుంది. పెద్ద వీడియోలకు ఆ వాటా 55 శాతం. సరదాగా వీడియో పెట్టుకోవడం వేరు, దాని మీద సంపాదించడం వేరు. ఎఫ్-1 విద్యార్థి అనుమతి లేకుండా సంపాదిస్తే అనధికార ఉద్యోగం కిందకు వచ్చే ప్రమాదం ఉంది. హెచ్-1బీ ఉన్నవారు పనిచేయాల్సింది స్పాన్సర్ చేసిన సంస్థకే. హెచ్-4లో ఉన్నవారికి ఈఏడీ ఉంటే సొంత చానల్ నడుపుకోవచ్చు, లేకపోతే కుదరదు. ‘అందరూ చేస్తున్నారుగా’ అన్న మాట రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో అక్కరకు రాదు. మానిటైజేషన్ ఆన్ చేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి కలవండి.

అమెరికాలో డబ్బు తీసుకుని ఏదైనా ప్రచారం చేస్తే ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలి. ఊళ్లో ప్లాట్ల గురించి చెప్పే వీడియోలకైనా అంతే. మిగతా దేశాల్లోనూ నిబంధనలున్నాయి. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి వీల్లేదు. యూఏఈలో సోషల్ మీడియా ప్రకటనలకు అక్కడి మీడియా కౌన్సిల్ పర్మిట్ అడుగుతుంది.

తల్లిదండ్రులు చేయగలిగింది

దూరదర్శన్ తొలి తెలుగు న్యూస్‌రీడర్ శాంతిస్వరూప్ మనలో చాలామందికి గుర్తే. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలను గుర్తుపెట్టుకుని చదివేవారు. ఉచ్చారణ, ఊపిరి, నిదానం సాధనతోనే వస్తాయి. ఆ సాధనకు ఇల్లే మొదటి స్టూడియో. రోజూ పది నిమిషాలు పిల్లల చేత తెలుగులో, ఇంగ్లిష్‌లో పైకి చదివించండి. ఫోన్‌లో రికార్డు చేసి వాళ్లకే వినిపించండి. స్కూల్లో ఉదయం అనౌన్స్‌మెంట్లు చదవమనండి. రెండు నిమిషాల వార్త ఒకటి సొంతంగా తీసుకురమ్మనండి. మీ ఊరి గుడిలో వంటవాళ్ల మీదైనా, స్కూల్ బస్సు డ్రైవర్ మీదైనా సరే.

ఆరు నెలలు అలా చేశాక కూడా ఆ అమ్మాయికి విసుగు రాకపోతే అది మోజు కాదు. అప్పుడు దగ్గర్లోని స్థానిక టీవీ స్టేషన్‌కు ఫోన్ చేసి, న్యూస్‌రూమ్ చూడటానికి రావచ్చా అని అడగండి. జర్నలిజం మాట మళ్లీ భోజనాల దగ్గర వచ్చినప్పుడు ముద్ద ఆగక్కర్లేదు. ‘మొదట ఏ ఊరికి వెళ్తావమ్మా?’ అని అడిగితే చాలు.