తూటా పేలకపోవుటకు కారణములు

సముద్రపుటొడ్డున నున్న మా పూడిమడకలో దీపావళినాటి రాత్రి పిల్లలకు కలుగు దుఃఖ మొక్కటి గలదు. ముందుగా కొని గూటిలో దాచిన టపాకాయకు నిప్పంటింపగా నది పేలక ‘తుస్సు’మనును. ఉప్పుగాలికి మందు చెమ్మగిల్లినదని పెద్దలందురు. నేడు నేను చెప్పబోవునది టపాకాయనుగూర్చి కాదు, దానికి వరుసకు అన్నయగు తూటానుగూర్చి. బడిలో శబ్దమంజరిని, అమరమును వల్లెవేయించిన వానికి తుపాకులతో నేమి పనియని మీరడుగవచ్చును. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన నా శిష్యుడొకడు గురి యభ్యాసమునకై పిస్తోలు తూటాలను తానే నింపుకొనును. మొన్న సంక్రాంతికి వచ్చి, తనకు తప్పిన గండమొకటి చెప్పెను. అది వినినది మొదలు ఈ విషయమును విచారించుచున్నాను.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరమని మొదటనే చెప్పుచున్నాను. ఇది విని యెవరును ఇంట ప్రయత్నింపరాదు.

తూటాయం దున్నవి నాలుగు: ఇత్తడి తొడుగు, దాని యడుగున రంజకము, లోపల మందు, కొనయందు గుండు. వెనుకటి తుపాకులకు చెవియొద్ద చిటికెడు మందు పోసి నిప్పు తగిలించెడివారు. దానికే రంజకమని పేరు. చెకుముకి మెఱుపు చూచి పక్షులు ముందుగనే యెగిరిపోవుచున్నవని విసిగిన ఫోర్సైతు అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగిలినంతనే మండు రసాయనమును తుపాకికి గూర్చి 1807లో పేటెంటు పొందెను. నేడు ప్రైమరనునది ఆ రంజకపు సంతతియే. కాల్చినప్పుడు వ్యయమగునవి రంజకము, మందు, గుండు. ఇత్తడి తొడుగు మిగులును. దానినే శుభ్రపరచి మరల నింపుదురు.

మీట నొక్కినను పేలకున్నచో మొదట అనుమానింపవలసినది రంజకమును. అది తన గుంటలో అడుగంట కూర్చుండవలెను. కొంచెము పైకి నిలిచినచో సూది కొట్టిన దెబ్బ దానిని లోనికి నెట్టుటకే చెల్లిపోవును. రెండవ దెబ్బకు పేలిన తూటా సామాన్యముగా నిట్టిదే. గుంటలో పాత మసి మిగిలినను ఇదియే ఫలము. నూనె చేతులతో ముట్టినచో రంజకము చచ్చును. తుపాకికి నూనె రాచిన చేతితోనే తూటా నింపువాడు తన పనిని తానే చెఱచుకొనును. ఇక మా యూరివంటి తీరమున రంజకమును, మందును బిగువైన మూతగల డబ్బాలలో, చల్లని పొడిచోట నుంచుట తప్పనిసరి.

పాత రంజకములలో పాదరసముండెడిది. అది ఇత్తడిని పెళుసుబార్చును గనుక అట్టి తొడుగులు మరల నింపుటకు పనికిరావు. చీలిక కనబడిన తొడుగును జాలిపడక పారవేయవలెను.

గుండును బిగించుటయందును మెలకువ యవసరము. రివాల్వరులో బిగువు చాలనిచో, కాల్చినప్పటి కుదుపునకు తక్కిన తూటాల గుండ్లు ముందునకు జాఱి చక్రమును తిరుగనీయవు. పిస్తోలులో గుండు లోనికి క్రుంగినచో మందునకు చోటు తగ్గి ఒత్తిడి మితిమీరును.

అయితే పేలని తూటావలన పోవునది ఆ తూటా యొక్కటియే. యుద్ధమున నదియు గొప్ప నష్టమే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి గైకొన్నవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. అనగా తుపాకికి నూఱైనను రావు. అడవిలో నున్నవారికి ఒక్కొక్క తూటాయు లెక్కయే. కాని గురి పందెమువానికి పేలని తూటా భయము కాదు. సగము పేలిన తూటాయే భయము.

నా శిష్యునికి జరిగినది అదియే. తూటాలు నింపుచుండగా ఫోను మ్రోగినది. మాటాడి వచ్చి, ఒక తొడుగులో మందు పోసితిననుకొని గుండు బిగించినాడు. మఱునాడు కాల్చుచోట అది మా దీపావళి టపాకాయవలె ‘తుస్సు’మనినది. రంజకపు బలమొక్కటియే గుండును గొట్టములోనికి నెట్టి నడుమ విడిచినది. ఇతడు మరల మీట నొక్కబోవుచుండగా ప్రక్కనున్న వృద్ధుడు “ఆగు” మని యరచెను. రెండవ గుండు వెడలియుండినచో దారిలేక గొట్టము పగిలియుండును. చేయి పోయెడిదో, కన్ను పోయెడిదో!

మందు మఱచుట యెంతటి ప్రమాదమో, రెండుమారులు పోయుటయు నంతటిదే. నేటి పొగలేని మందు పిస్తోలు తొడుగులో కొంచెమే పోయుదురు గనుక రెండింతలు పోసినను లోపలనే ఇముడును, పైకి తెలియదు. కావున రెండింతలు పోసినచో పొర్లిపోవునట్టి మందును ఎన్నుకొనుట యొక యుపాయము. గుండ్లు బిగింపకముందు తొడుగులన్నింటిని పలకలో నిలిపి దీపము క్రింద ఒక్కొక్కదానిలోనికి తొంగిచూచుట అంతకంటె మంచి యుపాయము. త్రాసును నమ్మవచ్చును, జ్ఞాపకమును నమ్మరాదు. ఆ సమయమున సంభాషణ కూడదు.

మీట నొక్కి శబ్దము రానప్పుడు తుపాకిని తమవైపు త్రిప్పి చూచువారున్నారు. అంతకు మించిన తెలివితక్కువ లేదు. కొన్ని తూటాలు ఆలస్యముగా పేలును. గొట్టమును గురివైపుననే యుంచి కనీసము ముప్పది సెకనులు ఓపికపట్టి, పిమ్మట తూటాను తీయవలెను. శబ్దము నీరసముగా వినబడినచో అక్కడితో నిలిపి, తుపాకిని పూర్తిగా ఖాళీచేసి, గొట్టములో కడ్డీ దూర్చి దారి యున్నదో లేదో చూడవలెను.

ఆనాటినుండి నా శిష్యుడు సన్నని ఇత్తడి కడ్డీ నొకదానిని తన సంచిలోనే యుంచుకొనుచున్నాడట. ఫోనును మాత్రము ప్రక్కగదిలో విడిచి కూర్చుండునట.