వైద్య, ఆరోగ్య పరిశోధనలకు ఆర్థిక ఆలంబన: అవకాశాలు, నియమాలు, బాధ్యతలు

వ్యాససంగ్రహం:
వైద్య పరిశోధనకు జిజ్ఞాస ఎంత అవసరమో, దానిని సంవత్సరాల తరబడి నిలబెట్టే ఆర్థిక ఆధారం కూడా అంతే అవసరం. భారతదేశంలో ఈ ఆధారాన్ని అందిస్తున్న ప్రధాన సంస్థలు, విద్యార్థి దశ నుంచి స్వతంత్ర పరిశోధకుని దశ వరకు లభించే సహాయాలు, దరఖాస్తు విధానం, నిధితో పాటు సంక్రమించే నైతిక బాధ్యతలు ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి. తెలుగు ప్రాంతాల ఆరోగ్య సమస్యలకు, తెలుగు భాషకు ఈ వ్యవస్థతో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం దీని ప్రత్యేక లక్ష్యం.

కీలకపదాలు: వైద్య పరిశోధన, పరిశోధన నిధులు, ఐ.సి.ఎం.ఆర్., ఫెలోషిప్, సమాచార పూర్వక అంగీకారం, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం:
భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నత వైద్య విద్య కోసం అమెరికా వెళ్లాలనుకున్నప్పుడు ఆయన కుటుంబానికి ఆ స్తోమత లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన సహాయ వాగ్దానం, మామగారు సమకూర్చిన ధనం ఆయనను హార్వర్డుకు చేర్చాయి. ఉష్ణమండల ప్రాంతపు స్ప్రూ వ్యాధి వల్ల ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న వ్యక్తి ఆయన. తరువాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో జరిగిన కృషి వల్ల ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ సాధ్యమైంది. ఆ వ్యాధి చికిత్సకు అది ఉపకరించింది. బోదకాలు చికిత్సలో నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ బృందం కృషి ఫలితమే.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ప్రశ్న సుబ్బారావు ఇంట్లోనే పుట్టింది. దానికి సమాధానం వెదికే అవకాశం మాత్రం ఒక ధర్మనిధి వల్ల మొదలైంది. ఆ సహాయం అందకపోయి ఉంటే ఆ ప్రశ్న ఒక కుటుంబపు దుఃఖంగానే మిగిలిపోయేది. నేడు ధర్మసంస్థల స్థానంలో ప్రభుత్వ మండళ్లు, జాతీయ, అంతర్జాతీయ సంస్థలు ఉన్నాయి. సహాయం విస్తరించింది, దానిని పొందే మార్గం సంక్లిష్టమైంది. ఆ మార్గాన్ని తెలుసుకోవడం ప్రతి యువ పరిశోధకునికీ అవసరం.

2. చారిత్రక నేపథ్యం:
వైద్య పరిశోధనకు నిధులు సమకూర్చడానికి 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం 1949లో అదే భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్.గా రూపాంతరం చెందింది. సంస్థ తొలి పేరులోనే 'ఫండ్' అనే మాట ఉండటం గమనార్హం. నిధిని సమకూర్చడమే దాని ప్రథమ ధర్మంగా భావింపబడిందని ఆ పేరే చెబుతుంది.

చిన్న సహాయం కాలక్రమంలో పెద్ద సంస్థగా ఎదుగుతుందనడానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిదర్శనం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో, ఒకే గదిలో, బెరిబెరి వ్యాధి విచారణగా ఇది ఆరంభమైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ప్రస్తుత నామాన్ని పొందింది. జొన్న ప్రధానాహారంగా గల దక్కను ప్రాంత పేదలలో కనిపించిన పెల్లాగ్రా వ్యాధిపై సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఇక్కడి నుంచే పరిశోధించి, జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఆ వ్యాధికీ గల సంబంధాన్ని 1960లో ప్రతిపాదించారు. ఈ ప్రాంతపు కంచంలోని అన్నమే ఇక్కడ పరిశోధనాంశమైంది.

3. ప్రస్తుత అవకాశాలు:
3.1. విద్యార్థి దశ: ఐ.సి.ఎం.ఆర్. 1979 నుంచి స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకాన్ని నిర్వహిస్తున్నది. వైద్య, దంతవైద్య విద్యార్థులు ఒక అధ్యాపకుని మార్గదర్శకత్వంలో రెండు నెలల పాటు చిన్న పరిశోధన చేసి నివేదిక సమర్పించాలి. 2022లో దీని ఉపకార వేతనం 50,000 రూపాయలకు పెరిగింది. మొత్తం పెద్దది కాకపోయినా, ప్రశ్నను రూపొందించడం, నైతిక సంఘం అనుమతి పొందడం, గడువులోగా నివేదిక రాయడం అనే మూడు విద్యలను ఇది ముందుగానే నేర్పుతుంది. స్నాతకోత్తర వైద్య విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలకు కూడా మండలి ఆర్థిక సహాయం అందిస్తుంది.

3.2. పరిశోధక విద్యార్థి దశ: జీవవైద్య శాస్త్రాలలో పిహెచ్.డి. చేయదలచినవారికి ఐ.సి.ఎం.ఆర్., సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి., బయోటెక్నాలజీ విభాగం అర్హత పరీక్షల ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం జూనియర్ ఫెలోలకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోలకు 42,000 రూపాయలు నిర్ణయించారు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం.

3.3. స్వతంత్ర పరిశోధక దశ: డాక్టరేట్ తరువాతి కాలం పరిశోధకుని జీవితంలో అత్యంత అనిశ్చితమైనది. ఈ దశను ఉద్దేశించి బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ఇండియా అలయన్స్‌ను స్థాపించాయి. దీని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. మౌలిక జీవవైద్య శాస్త్రాలతో పాటు క్లినికల్, ప్రజారోగ్య రంగాలకు కూడా ఇది ఫెలోషిప్‌లు అందిస్తున్నది. ఈ కార్యక్రమపు మూడవ దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం 1,500 కోట్ల రూపాయలలో బయోటెక్నాలజీ విభాగం వాటా 1,000 కోట్లు, వెల్‌కమ్ ట్రస్టు వాటా 500 కోట్లు.

2023 నాటి చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ పూర్వపు సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలిని తనలో విలీనం చేసుకున్నది. వృత్తి ప్రారంభంలో ఉన్న అధ్యాపకులకు ఇది ప్రత్యేక గ్రాంటు ఇస్తున్నది. కుటుంబ కారణాల వల్ల పరిశోధనకు విరామం ఇచ్చిన మహిళలు తిరిగి రావడానికి శాస్త్ర సాంకేతిక విభాగం, ఆరోగ్య పరిశోధన విభాగం ప్రత్యేక పథకాలు రూపొందించాయి.

3.4. ప్రాజెక్టులు, సంస్థాగత వసతులు: ఉద్యోగంలో స్థిరపడిన వైద్యులకు, శాస్త్రజ్ఞులకు ఐ.సి.ఎం.ఆర్. బాహ్య పరిశోధన గ్రాంట్లు ప్రధానమైనవి. వ్యయపరిమితిని బట్టి వీటిని చిన్న, మధ్యస్థ గ్రాంట్లుగా విభజించారు. 2 కోట్ల రూపాయల లోపు ప్రతిపాదనలు మొదటి కోవకు, 2 నుంచి 8 కోట్ల మధ్యవి రెండవ కోవకు చెందుతాయి. 2007లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన విభాగం వ్యక్తులకే కాక సంస్థలకూ చేయూతనిస్తుంది. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బహుళ విభాగ పరిశోధన యూనిట్లను, వైరస్ నిర్ధారణ ప్రయోగశాలలను నెలకొల్పడం దీని పథకాలలో భాగం. పరిశోధన ఫలితాన్ని ఉపకరణంగానో ఔషధంగానో మలచదలచినవారికి 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ ప్రారంభ దశలో 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తున్నది.

4. దరఖాస్తు నుంచి మంజూరు వరకు:
సాధారణంగా ముందుగా సంక్షిప్త ప్రతిపాదనను, అది ఎంపికైతే పూర్తి ప్రతిపాదనను కోరతారు. నిపుణుల సంఘం ప్రధానంగా నాలుగు అంశాలను పరిశీలిస్తుంది. ప్రశ్న కొత్తదా? దానికి సమాధానం దొరికితే ఎవరికి ప్రయోజనం? ఎంచుకున్న పద్ధతి, రోగుల సంఖ్య ఆ సమాధానానికి సరిపోతాయా? ఆ వ్యక్తికి, ఆ సంస్థకు దానిని నిర్వహించే సామర్థ్యం ఉన్నదా?

అనేక ప్రతిపాదనలు మొదటి ప్రశ్న దగ్గర కాక మూడవ ప్రశ్న దగ్గర బలహీనపడతాయి. ఎంతమంది రోగులను పరిశీలిస్తే ఫలితం నమ్మదగినదవుతుందో లెక్క చూపకుండా 'వందమంది' అని రాయడం తరచుగా కనిపించే లోపం. ప్రతిపాదన రాసిన తరువాత కాక, రాయకముందే గణాంక నిపుణుని సంప్రదించడం దీనికి పరిహారం.

వ్యయ అంచనాను సిబ్బంది వేతనాలు, పరికరాలు, వినియోగ వస్తువులు, ప్రయాణం, ఇతర ఖర్చులు, సంస్థ నిర్వహణ వ్యయం అనే పద్దుల కింద చూపాలి. ప్రతి పద్దుకూ సమర్థన అవసరం. మంజూరైన సొమ్ము విడతలుగా వస్తుంది. మొదటి విడత వ్యయానికి వినియోగ ధ్రువపత్రం, ప్రగతి నివేదిక సమర్పించిన తరువాతనే రెండవ విడత విడుదలవుతుంది. ధ్రువపత్రం ఆలస్యమైతే నిధి ఆగుతుంది. నిధి ఆగితే ముందుగా నష్టపోయేది ప్రాజెక్టులో తాత్కాలిక వేతనంపై పనిచేసే సహాయకులు. కాబట్టి ఖాతాల నిర్వహణను గుమాస్తా పనిగా తీసివేయడం పరిశోధకునికి తగదు.

5. నిధితో వచ్చే బాధ్యత:
మనుషులపై జరిగే ఏ పరిశోధనకైనా సంస్థాగత నైతిక సంఘం ఆమోదం తప్పనిసరి. 2017లో ఐ.సి.ఎం.ఆర్. ప్రకటించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు, 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు దీనికి ఆధారం. క్లినికల్ ట్రయల్స్‌ను జాతీయ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయాలి. విదేశీ సహకారంతో జరిగే ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టులను ఆరోగ్య మంత్రిత్వశాఖ పరిశీలక సంఘం సమీక్షిస్తుంది. ట్రయల్ కారణంగా రోగికి హాని జరిగితే చికిత్స, పరిహారం ప్రాయోజకుని బాధ్యత. అందువల్ల ఆ వ్యయాన్ని మొదటి అంచనాలోనే చేర్చాలి.

ఈ నియమాల వెనుక అనుభవం ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాపై ఒక ప్రదర్శన ప్రాజెక్టు జరిగింది. గేట్స్ ఫౌండేషన్ నిధులతో, పాత్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టాయి. టీకా పొందినవారు 10 నుంచి 14 సంవత్సరాల బాలికలు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీనిని నిలిపివేసింది. అనంతరం నమోదైన మరణాలకు టీకా కారణమై ఉండే అవకాశం తక్కువని ప్రభుత్వ విచారణ తేల్చింది. కాని అంగీకార పత్రాల విషయంలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సమర్పించిన 72వ నివేదిక ప్రకారం 9,543 పత్రాలలో 1,948 వేలిముద్రలతో, 2,763 వసతి గృహ సంరక్షకుల సంతకాలతో ఉన్నాయి. నిధికి కొరత లేదు, శాస్త్రీయ ఉద్దేశమూ ఉంది. లోపించింది ఆ బాలికల తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పి, వారి మాట వినడం.

6. అంగీకార పత్రం, తెలుగు భాష:
పై ఉదంతం వైద్య పరిశోధనలో భాషకు గల స్థానాన్ని స్పష్టం చేస్తున్నది. పరిశోధనలో పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలోనే సమాచార పత్రం ఉండాలని నియమాలు చెబుతున్నాయి. తెలుగులో ఉండటం, అర్థం కావడం రెండూ ఒకటి కాదు. 'యాదృచ్ఛికీకరణ పద్ధతిలో మిమ్మల్ని ఒక సమూహంలో చేరుస్తాం' అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. రోగికి మాత్రం అది ఏమీ చెప్పదు. 'మీకు ఏ మందు ఇవ్వాలో డాక్టరు ఎంచుకోరు. చీటీలు తీసినట్లుగా నిర్ణయమవుతుంది' అంటే ఆలోచించి ప్రశ్నించే అవకాశం కలుగుతుంది. అలాగే 'ప్లాసిబో' అని రాసి ఊరుకోవడం కంటే 'మందులా కనిపించే, మందు లేని మాత్ర' అనడం నిజాయితీ.

అనువాదానికి, దానిని మరొకరి చేత తిరిగి మూలభాషలోకి మార్పించి సరిచూడటానికి, గ్రామస్థుల మధ్య చదివి పరీక్షించడానికి కాలం, ధనం అవసరం. భద్రాచలం ప్రాంతంలో కోయ, ఆదిలాబాదులో గోండి మాట్లాడేవారి విషయంలో తెలుగు పత్రం కూడా సరిపోదు. అందుచేత వ్యయ అంచనాలో భాషా పద్దు ప్రత్యేకంగా ఉండాలి. ఈ పనిలో భాషా శాఖల అధ్యాపకులు, పరిశోధకులు భాగస్వాములు కాగలరు.

7. స్థానిక ప్రశ్నలు, దీర్ఘకాలిక నిధి:
దేశం పరిశోధన, అభివృద్ధిపై చేసే వ్యయం 2020–21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. పరిమిత నిధికి పోటీ అధికం కావడం సహజం. ఈ పోటీలో త్వరగా ఫలితమిచ్చే ప్రశ్నలు ముందుకు, ఓపిక కోరే ప్రశ్నలు వెనుకకు పోయే ప్రమాదం ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధి ఇందుకు ఉదాహరణ. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలతో వివరించలేని ఈ వ్యాధిపై ఎన్నో అధ్యయనాలు జరిగినా మూలకారణం నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. నీటిని, నేలను, వృత్తిని, ఆహారాన్ని, ఎండను కలిపి, ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా ఏళ్ల తరబడి పరిశీలిస్తేనే ఇటువంటి ప్రశ్నకు సమాధానం లభిస్తుంది. రెండు మూడేళ్ల ప్రాజెక్టు ముగిసినప్పుడల్లా సిబ్బంది మారి, నమూనాల సేకరణ తెగిపోతే ప్రతి బృందమూ మొదటినుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. రక్తం ఇచ్చిన గ్రామస్థుడు మాత్రం తన ఫలితం కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.

8. ముగింపు:
- విద్యార్థి దశ నుంచి స్వతంత్ర పరిశోధక దశ వరకు సహాయాలు ఉన్నాయి. వాటిని వరుస మెట్లుగా గుర్తించి ముందుగా సిద్ధపడటం ప్రయోజనకరం.
- ప్రతిపాదన బలం ప్రశ్న స్పష్టతలో, పద్ధతి సమర్థతలో, వ్యయ సమర్థనలో ఉంటుంది.
- నైతిక అనుమతి, పరిహారం, భాష అనే అంశాలు తరువాత చేర్చే అనుబంధాలు కావు. అవి అంచనాలోనే భాగం కావాలి.
- ప్రాంతీయ వ్యాధులకు దీర్ఘకాలిక నిధి అవసరం. పాల్గొన్న ప్రజలకు ఫలితాలను వారి భాషలో తెలియజేయడం ఆ నిధి షరతులలో ఒకటి కావాలి.

కాకినాడ ధర్మసంస్థ ఒక విద్యార్థికి చేయూతనిచ్చినప్పుడు ఏ ఔషధం వస్తుందో దానికి తెలియదు. పరిశోధన నిధి స్వభావమే అటువంటిది. ఫలితానికి ముందుగా హామీ ఉండదు. ప్రశ్న నిజమైనదై, దానిని మోసేవారు శ్రద్ధగలవారై, పాల్గొనేవారి గౌరవానికి లోటు లేకుండా ఉన్నప్పుడు ఆ వ్యయం సార్థకమవుతుంది.